నెడుంబస్సేరి విమానాశ్రయం: వలస సొమ్ము, వరి నేల, వరద నీరు

1990ల తొలినాళ్ల వరకు భారతదేశంలో విమానాశ్రయాలు కట్టడం, నడపడం ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ సంస్థల పనిగానే సాగింది. ఆ పద్ధతి నుంచి పక్కకు జరిగిన తొలి ప్రయత్నం ఢిల్లీలోనో ముంబయిలోనో కాక, కేరళలోని ఎర్నాకుళం జిల్లాకు చెందిన నెడుంబస్సేరి అనే పల్లె ప్రాంతంలో జరిగింది. కొచ్చి నగరానికి ఈశాన్యంగా పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆదిశంకరుల జన్మస్థలంగా పేరొందిన కాలడికి చేరువలో 1999లో ప్రారంభమైన ఇక్కడి అంతర్జాతీయ విమానాశ్రయం, ప్రభుత్వమూ ప్రైవేటు మదుపరులూ కలిసి పెట్టుబడి పెట్టి నిర్మించిన విమానాశ్రయాల్లో దేశంలోకెల్లా మొదటిది.

ఒక విమానాశ్రయంలో ఆ ప్రాంతపు ముద్ర ఎక్కడ ఉందని అడిగితే సాధారణంగా గోడల మీది చిత్రాలనూ, ద్వారం దగ్గరి శిల్పాలనూ, పైకప్పు ఆకారాన్నీ చూపించడం ఆనవాయితీ. ఇవన్నీ కంటికి కనిపించే గుర్తులే కాని, ఏ వాస్తుశిల్పికైనా అప్పగించి కొన్ని నెలల్లో చేయించుకోగలిగిన అలంకారాలు కూడా. ప్రాంతపు జీవితం అంతకన్నా లోతుగా మరికొన్ని చోట్ల కనిపిస్తుంది: ఆ సంస్థలో వాటాలు ఎవరివి, విమానాల్లో ఎక్కేదీ దిగేదీ ఎవరు, వాటి పొట్టలో వెళ్లే సరుకు ఏమిటి, రన్‌వే కింద ఉన్న నేల ఒకప్పుడు ఎవరిది, వాన కురిస్తే ఆ నేల మీది నీరు ఎటు పోతుంది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో. ఈ ప్రశ్నలన్నిటికీ స్పష్టమైన జవాబులు దొరికే చోటు కనుక నెడుంబస్సేరి పరిశీలనకు తగిన ఉదాహరణ.

నౌకాదళపు రన్‌వే నుంచి ప్రజల కంపెనీ దాకా

కొచ్చికి విమానాలు కొత్త కాదు. ఓడరేవు అభివృద్ధి పనుల్లో ఉన్న బ్రిటిష్ వ్యాపారులు, సాంకేతిక నిపుణుల రాకపోకల కోసం విల్లింగ్‌డన్ ద్వీపంలో 1936 ప్రాంతంలో ఒక విమాన క్షేత్రం ఏర్పడింది. అది క్రమంగా నౌకాదళ స్థావరంగా మారగా, పౌర విమానాలు కూడా దాన్నే వాడుకునేవి. మూడు వైపులా నీరూ నౌకాదళ కట్టడాలూ ఉన్న ఆ చిన్న రన్‌వే మీద పెద్ద విమానాలు దిగే వీలు లేదు. అందువల్ల గల్ఫ్ దేశాల్లో పనిచేసే మధ్య కేరళ ప్రజలు బొంబాయి మీదుగానో, తిరువనంతపురం నుంచో ప్రయాణించవలసి వచ్చేది. 1991 తరువాత కొత్త విమానాశ్రయం ఆలోచన బలపడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నేల గురించిన ఆలోచన ఉంది కాని నిధులు లేవు.

అప్పటి ముఖ్యమంత్రి కె. కరుణాకరన్ ప్రోత్సాహంతో, ఐఏఎస్ అధికారి వి.జె. కురియన్ ముందుండి నడిపిన ఈ ప్రయత్నంలో తొలి పథకం ప్రవాస మలయాళీల నుంచి తలా రూ.5,000 చొప్పున వడ్డీ లేని డిపాజిట్లు సేకరించడం. ఆ పిలుపుకు ఆశించినంత స్పందన రాలేదు. అప్పుడు 1994 మార్చి 30న ‘కొచ్చిన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ లిమిటెడ్’ అనే కంపెనీని స్థాపించి వాటాలు జారీ చేశారు. పొడి అక్షరాలను కలిపి జనం దీన్ని ‘సియాల్’ అని పిలుస్తారు. డిపాజిట్ ఇచ్చినవాడు అప్పిచ్చినవాడు మాత్రమే అవుతాడు, వాటా కొన్నవాడు సంస్థకు యజమానుల్లో ఒకడవుతాడు. ఈ తేడా ఫలించి, దాదాపు 30 దేశాల్లో ఉంటున్న సుమారు 10,000 మంది తమ సొమ్ము పెట్టారు. వారి పెట్టుబడికి రాష్ట్ర ప్రభుత్వ వాటా, ప్రభుత్వ రంగ సంస్థల వాటాలు, హడ్కో వంటి సంస్థల రుణాలు తోడయ్యాయి. 1999 మే 25న నాటి రాష్ట్రపతి, స్వయంగా కేరళీయుడైన కె.ఆర్. నారాయణన్ విమానాశ్రయాన్ని ప్రారంభించగా, జూన్ 10 నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి.

ఈ కంపెనీ నిర్మాణం కేరళ సమాజపు అలవాట్లకు దగ్గరగా ఉంటుంది. సహకార బ్యాంకులూ చిట్‌ఫండ్లూ గ్రంథాలయ సంఘాలూ ఇంటింటికీ పరిచయమైన ఆ రాష్ట్రంలో, నలుగురి సొమ్ము కలిపి ఉమ్మడి వసతి ఏర్పరచుకోవడం కొత్త ఆలోచన కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి కంపెనీలో దాదాపు మూడో వంతు వాటా ఉండగా, పదవిలో ఏ పార్టీ ఉన్నా ముఖ్యమంత్రే కంపెనీకి అధ్యక్షుడిగా ఉంటారు. వామపక్ష, ఐక్య ప్రజాస్వామ్య కూటములు దశాబ్దాల పాటు ఒకదాని తరువాత ఒకటి అధికారంలోకి వచ్చిన రాష్ట్రంలో ఈ ఏర్పాటు మారకుండా నిలవడం గమనించదగ్గది. 2003–04 నుంచి కంపెనీ తన వాటాదారులకు డివిడెండ్, అంటే లాభంలో పంపకం, చెల్లిస్తూ వస్తోంది. 2023–24లో రూ.412 కోట్లకు పైగా నికర లాభం రాగా 45 శాతం డివిడెండ్ ప్రకటించింది. అయితే ఇది పూర్తిగా చిన్న మదుపరుల సంస్థ అనుకోవడం కూడా సరికాదు. లులు గ్రూప్ అధినేత ఎం.ఎ. యూసఫ్ అలీ వంటి ప్రవాస వ్యాపార ప్రముఖులకు ఇందులో పెద్ద వాటాలున్నాయి, పాలకమండలిలో స్థానమూ ఉంది. గల్ఫ్‌లో కూలి చేసినవారూ, అక్కడ సంపన్నులైనవారూ ఒకే కంపెనీలో వాటాదారులుగా ఉండటంలో గల్ఫ్ వలస రెండు ముఖాలూ కనిపిస్తాయి.

వచ్చేవారు, వెళ్లేవారు

కేరళ నుంచి బయటి దేశాలకు జరిగే వలసను తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం పరిశోధకులు కె.సి. జకరియా, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన ‘కేరళ వలస సర్వే’ కొన్నేళ్లకోసారి లెక్కగడుతోంది. 1998లో విదేశాల్లో ఉన్న కేరళీయులు సుమారు 13.6 లక్షలు కాగా, 2013 నాటికి వారి సంఖ్య 24 లక్షలకు చేరింది. 2018లో 21 లక్షలకు తగ్గి, 2023లో సుమారు 22 లక్షల దగ్గర నిలిచింది. వలస వెళ్లినవారు ఇంటికి పంపే సొమ్ము 2018లో రూ.85 వేల కోట్లుండగా, 2023 సర్వే ప్రకారం రూ.2.16 లక్షల కోట్లు దాటింది. మనుషుల సంఖ్య పెద్దగా పెరగకుండానే సొమ్ము ఇంత పెరగడానికి ఒక కారణం వలసల స్వభావం మారడం: నిర్మాణ కూలీలతో మొదలైన గల్ఫ్ ప్రయాణంలో ఇప్పుడు నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఎక్కువయ్యారు, బ్రిటన్, కెనడా వంటి దేశాలకు చదువుల కోసం వెళ్లే యువత కూడా పెరిగింది.

ఈ మార్పంతా నెడుంబస్సేరి రాకపోకల్లో చూడవచ్చు. 2023–24లో కోటి మందికి పైగా ప్రయాణికులు ఈ విమానాశ్రయాన్ని వాడుకోగా, వారిలో దాదాపు సగం మంది అంతర్జాతీయ ప్రయాణికులు. జనాభాలో దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన నగరాల విమానాశ్రయాల్లో కూడా ఈ నిష్పత్తి కనిపించదు. దుబాయ్, అబుధాబీ, షార్జా, దోహా, మస్కట్ వంటి నగరాలకు నడిచే విమానాలు ఇక్కడి కాలపట్టికకు ఆధారం. ఓణం పండుగకూ, పాఠశాలల సెలవులకూ టికెట్ల ధరలు అమాంతం పెరగడం ప్రతి ఏటా రాష్ట్ర రాజకీయాల్లో చర్చకు వచ్చే విషయం. వేరే రాష్ట్రంలో బస్సు చార్జీల పెంపు ఎంత చర్చనీయమో, కేరళలో గల్ఫ్ విమాన చార్జీల పెంపు అంత చర్చనీయం.

కోవిడ్ వల్ల విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకురావడానికి కేంద్రం చేపట్టిన ‘వందే భారత్’ కార్యక్రమంలో మొదటి విమానం 2020 మే 7న అబుధాబీ నుంచి వచ్చి దిగింది ఇక్కడే. ఉత్తర కేరళలోని కరిపూర్ విమానాశ్రయ రన్‌వే మరమ్మతుల్లో ఉన్న సంవత్సరాల్లో హజ్ యాత్రికుల ప్రయాణం కూడా ఇక్కడి నుంచే సాగింది. వలసకు మరో విషాదకరమైన ముఖమూ ఉంది. గల్ఫ్‌లో మరణించినవారి శవపేటికలు కూడా ఈ విమానాశ్రయపు సరుకుల విభాగం గుండానే ఇంటికి చేరతాయి, వాటిని ఊళ్లకు చేర్చడానికి ప్రవాసుల వ్యవహారాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నోర్కా ఉచిత అంబులెన్సులు నడుపుతోంది.

విమానం పొట్టలో వంటిల్లు

ప్రయాణికుల విమానం కింది భాగంలో సామాన్లతో పాటు వ్యాపార సరుకు కూడా వెళుతుంది. గల్ఫ్ నగరాలకు ఇన్ని విమానాలు నడవడం వల్ల నెడుంబస్సేరికి అలాంటి సరుకు చోటు సమృద్ధిగా దొరికింది. ఆ చోటును నింపిన సరుకు ప్రధానంగా తాజా కూరగాయలు, పండ్లు: నేంద్రం అరటి, కర్రపెండలం, మునగకాయలు, కరివేపాకు, పచ్చి మామిడి, కొబ్బరి. వీటిలో కేరళలో పండినవే కాక పొరుగున ఉన్న తమిళనాడు నుంచి లారీల్లో వచ్చినవీ ఉంటాయి. ఓణం రోజున విందు వడ్డించడానికి అరటి ఆకులు కూడా విమానంలోనే గల్ఫ్ చేరతాయి. మనిషి వలస వెళితే అతని రుచి కూడా వెంట వెళుతుంది, ఆ రుచిని అందించే వ్యాపారమే ఇక్కడి ఎగుమతుల్లో పెద్ద భాగం అయింది. మిరియాలు, యాలకులు, రొయ్యల వంటి పేరున్న సరుకులు చాలావరకు కొచ్చి ఓడరేవు నుంచి సముద్రంలోనే వెళతాయి కాబట్టి, ఒకే నగరంలో ఓడది నిలవ ఉండే సరుకు, విమానానిది వాడిపోయే సరుకు అన్న పని విభజన సహజంగా ఏర్పడింది.

హైదరాబాద్‌తో పోల్చి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం సరుకుల్లో మందులూ టీకాలదే ముఖ్య స్థానం, వాటికోసం చల్లని ఉష్ణోగ్రతలో నిలవ చేసే ప్రత్యేక విభాగం అక్కడ ఉంది. జీడిమెట్ల, పటాన్‌చెరు, జీనోమ్ వ్యాలీ పరిశ్రమల చరిత్ర శంషాబాద్ గోదాములో కనిపిస్తే, గల్ఫ్ కేరళీయుల భోజనం నెడుంబస్సేరి గోదాములో కనిపిస్తుంది.

రన్‌వే కింది నేల

జనసాంద్రత ఎక్కువైన కేరళలో సుమారు 1,300 ఎకరాలు ఒకేచోట సేకరించడం అంత తేలికైన పని కాదు. దాదాపు 2,300 మంది భూ యజమానుల నుంచి నేల తీసుకోవలసి వచ్చింది, 822 కుటుంబాలు ఇళ్లు వదలవలసి వచ్చింది. పోరాటాలు, కోర్టు కేసులు నడిచిన తరువాత పునరావాసపు స్థలాలు, విమానాశ్రయంలో ఉద్యోగాలు, టాక్సీ నడుపుకునే అనుమతులు నిర్వాసితులకు దక్కాయి. ఇల్లూ నేలా కోల్పోయిన కుటుంబాలవారు సహకార సంఘంగా ఏర్పడి ప్రయాణికుల టాక్సీలు నడపడం, భూసేకరణలో పరిహారపు చెక్కు ఇచ్చి చేతులు దులుపుకునే పద్ధతికి భిన్నమైన ఏర్పాటు. నేల పోయినవారి జీవనం అదే నేల మీద వచ్చిన ఆదాయంతో ముడిపడి ఉండేలా చూడటం దీనిలోని సూత్రం.

అయితే ఆ నేలకు మనుషుల హక్కులే కాక నీటి దారులు కూడా ఉన్నాయి. పెరియార్ నదికి సమీపంలో ఉన్న ఈ పల్లపు ప్రాంతంలో ఎక్కువ భాగం వరి పొలాలు, వాగులు. రన్‌వే కోసం చెంగల్ తోడు అనే వాగు సహజ ప్రవాహానికి అడ్డుకట్ట పడింది. వర్షాకాలంలో మురుగు, వరద నీరు నిలిచే సమస్య పరిసర గ్రామాలకు అప్పటినుంచీ ఉంది. 2018 ఆగస్టులో కేరళను ముంచెత్తిన మహా వరదలో పెరియార్ పొంగి విమానాశ్రయంలోకి నీరు చేరింది, ప్రహరీ గోడ కిలోమీటర్ల పొడవున కూలింది. ఆగస్టు 15న మూసిన విమానాశ్రయం 29న గాని తిరిగి తెరుచుకోలేదు. ఆ రోజుల్లో చిన్న విమానాలు నడిచింది విల్లింగ్‌డన్ ద్వీపంలోని పాత నౌకాదళ రన్‌వే నుంచే. మరుసటి ఏడాది వానలకు మళ్లీ కొన్ని రోజులు మూతపడిన తరువాత, వాగుల పూడిక తీసి నీటిని మళ్లించే పనులను కంపెనీ పెద్ద ఎత్తున చేపట్టింది. వరి పొలాలను పూడ్చి కట్టడాలు లేపడం కేరళ అంతటా సాగిన ధోరణి, దాని ఫలితం ఇక్కడ అందరికీ తెలిసేంత పెద్దగా కనిపించింది.

ఎండతో నడిచే విమానాశ్రయం

నెడుంబస్సేరికి ప్రపంచంలో పేరు తెచ్చింది సౌరవిద్యుత్. 2013లో టెర్మినల్ పైకప్పు మీద 100 కిలోవాట్ల చిన్న కేంద్రంతో మొదలుపెట్టిన కంపెనీ, 2015 ఆగస్టు 18న సరుకుల విభాగం దగ్గర 45 ఎకరాల్లో 46,150 పలకలతో 12 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించింది. రోజుకు 50 వేల యూనిట్లకు పైగా విద్యుత్తు వచ్చే ఈ కేంద్రంతో, అవసరమైనంత విద్యుత్తును పూర్తిగా ఎండ నుంచే తయారుచేసుకునే మొదటి విమానాశ్రయంగా ఇది ప్రపంచ గుర్తింపు పొందింది. రాత్రి విమానాలకు ఎండ ఉండదు కదా అన్న సందేహానికి సమాధానం రాష్ట్ర విద్యుత్ బోర్డుతో ఉన్న ఏర్పాటు: పగలు మిగిలిన విద్యుత్తును బ్యాంకులో పొదుపు చేసినట్లు బోర్డుకు ఇచ్చి, రాత్రి అంతే మొత్తాన్ని తిరిగి తీసుకుంటారు. ఖరీదైన బ్యాటరీల అవసరం అందువల్ల లేకపోయింది. కేరళలో తయారయ్యే విద్యుత్తు ప్రధానంగా ఇడుక్కి వంటి జలవిద్యుత్ కేంద్రాలది. వేసవిలో జలాశయాలు తగ్గేటప్పుడు ఎండ ఎక్కువగా ఉండటం, వానల్లో ఎండ తగ్గేటప్పుడు జలాశయాలు నిండటం ఈ ఏర్పాటుకు అనుకూలించింది.

ఖాళీగా ఉన్న నేలను విద్యుత్తుకు వాడుకోవడంతోనే కంపెనీ ఆగలేదు. పలకలను కడిగిన నీటితో వాటి నడుమ కూరగాయలు పండించడం మొదలుపెట్టారు. నేల కరువైన రాష్ట్రంలో ఒకే నేల నుంచి రెండు పంటలు తీసుకునే ఈ పద్ధతి స్థానిక అవసరం నుంచి పుట్టింది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ‘చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారాన్ని సియాల్‌కు ప్రకటించింది. వరద ముంచిన ఏడాదే ఈ పురస్కారం రావడం వల్ల, ప్రకృతితో ఈ సంస్థ సంబంధంలోని మంచి చెడులు రెండూ ఒకేసారి లోకానికి తెలిశాయి.

కంటికి కనిపించే సంస్కృతి

ఇంతా చెప్పిన తరువాత గోడల అందం గురించి కూడా రెండు మాటలు అవసరం. మొదటి టెర్మినల్‌ను ఏటవాలు కప్పులతో కేరళ సంప్రదాయ రీతిలో కట్టారు. వానను త్వరగా కిందికి జార్చే ఆ కప్పు అలంకారం కావడానికి ముందు అవసరం. 2017లో సుమారు రూ.1,100 కోట్లతో ప్రారంభించిన మూడో టెర్మినల్ లోపల త్రిస్సూర్ పూరం దృశ్యాన్ని రూపొందించారు. వడక్కునాథన్ ఆలయం ముందు పారమెక్కావు, తిరువంబాడి పక్షాలు బంగారు రంగు నెట్టిపట్టాలు, అంటే నుదుటి ఆభరణాలు, కట్టిన ఏనుగులను వరుసగా నిలిపి, రంగురంగుల గొడుగులు మార్చుకుంటూ పోటీపడే పండుగ అది. ఎర్నాకుళం పక్క జిల్లా పండుగను విదేశీ ప్రయాణికుల ద్వారంలో నిలపడం పర్యాటకులను ఆకర్షించడానికే అయినా, ఏళ్ల తరువాత ఇంటికి వచ్చే ప్రవాసికి కూడా అది సొంత ఊరి గుర్తు. తిరుపతిలో 2015లో ప్రారంభించిన టెర్మినల్‌ను గరుడుడి ఆకారం వచ్చేలా రూపొందించడంలో ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే. అక్కడ వచ్చేవారిలో అత్యధికులు శ్రీవారి భక్తులు కనుక ఆ ఆకారం వారితో నేరుగా మాట్లాడుతుంది.

తెలుగు ప్రాంతాలకు నెడుంబస్సేరితో ఉన్న సంబంధం శబరిమల. నవంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా సాగే మండల, మకరవిళక్కు కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లే అయ్యప్ప భక్తుల్లో విమానంలో ప్రయాణించేవారు ఇక్కడ దిగి రోడ్డు మార్గాన పంబకు చేరతారు. వారి ఇరుముడిలోని కొబ్బరికాయ విమాన భద్రతా నిబంధనలకు చిక్కు తెచ్చింది, ఎందుకంటే ఎండు కొబ్బరికి మండే గుణం ఉండటం వల్ల కొబ్బరికాయను ప్రయాణికుడి చేతి సంచిలో అనుమతించరు. 2024 అక్టోబరులో పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళానికి చెందిన కె. రామ్మోహన్ నాయుడు, తనిఖీ అనంతరం ఇరుముడిలో కొబ్బరికాయను వెంట తీసుకువెళ్లవచ్చని 2025 జనవరి 20 వరకు సడలింపు ప్రకటించారు. ఒక ప్రాంతపు ఆచారం దేశవ్యాప్త నిబంధనను కొంతకాలమైనా వంచగలిగిన సందర్భమిది.

తెలుగువారికి ఒక పాఠం

గల్ఫ్ వలస కేరళకే పరిమితం కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు దశాబ్దాలుగా ఆ సొమ్ము మీద ఆధారపడుతున్నాయి. వారి శవపేటికల కోసం శంషాబాద్‌లో ఎదురుచూసే కుటుంబాలూ ఉన్నాయి. కాని ఆ వలస కార్మికులు తమ ప్రయాణాలకు వాడుకునే విమానాశ్రయంలో వాటాదారులు కాలేదు. శంషాబాద్‌లో అధిక వాటా ఒక ప్రైవేటు సంస్థది కాగా, రాష్ట్ర ప్రభుత్వానికీ భారత విమానాశ్రయాల సంస్థకూ చెరి 13 శాతం చొప్పున ఉంది. రెండు పద్ధతులూ విమానాలను నడపగలవని అనుభవం తేల్చింది. తేడా ఉన్నది లాభం ఎవరి ఇంటికి చేరుతుందన్న చోట, నిర్ణయాలకు ఎవరు జవాబుదారీ అన్న చోట.

నెడుంబస్సేరిని ఆదర్శంగా యథాతథంగా ఎక్కడికైనా తీసుకుపోలేరు, ఎందుకంటే దాని వెనుక గల్ఫ్ సొమ్ము, సహకార సంప్రదాయం, బలమైన రాష్ట్ర ప్రభుత్వ జోక్యం మూడూ కలిసిన ప్రత్యేక పరిస్థితి ఉంది. అలాగే వాగులను పూడ్చడం వల్ల కలిగిన నష్టం కూడా అనుకరించదగినది కాదు. అయినా భోగాపురం, మామునూరు వంటి చోట్ల కొత్త విమానాశ్రయాలను తెలుగు రాష్ట్రాలు చేపట్టిన ఈ కాలంలో, టెర్మినల్ ద్వారం మీద ఏ బొమ్మ పెట్టాలన్న చర్చకు ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు కేరళ అనుభవం నుంచి దొరుకుతాయి. నేల ఇచ్చిన రైతుకు ఒక్కసారి వచ్చే పరిహారంతో పాటు నిలకడైన ఆదాయం ఉందా, ఆ ప్రాంతంలో పండే పంటకు సరుకు విమానంలో చోటుందా, చెరువులూ వాగులూ నడిచే దారి చెడకుండా నకషా గీశారా, సామాన్యుడు వాటా కొనగలిగే వీలుందా అన్న ప్రశ్నలకు ప్రజాప్రతినిధుల నుంచి జవాబులు అడగవలసిన బాధ్యత ఆయా ప్రాంతాల పౌరులదే.